మూడు, నాలుగు, వంద

ఆఫీసులో అందరూ ఆమెను పొదుపమ్మ అనేవాళ్ళు. ఇంటి ఖర్చుల్లో పొదుపరి అని కాదు, యంత్రాల్లో చోటు పొదుపు చేస్తుందని. ఊపిరితిత్తులు బలహీనపడ్డవాళ్ళు ఇంట్లో పెట్టుకునే శ్వాస యంత్రాలకు ఆమె ప్రోగ్రాములు రాస్తుంది. ఏడేళ్ళ కిందట, వెర్షన్‌లోని మూడు సంఖ్యలనూ మూడు చోట్ల దాచడం దండగని, ఒకే సంఖ్యలో కుక్కేసింది. మొదటిదాన్ని పదివేలతో, రెండోదాన్ని వందతో హెచ్చవేసి, మూడోదాన్ని కలిపెయ్యడమే. 3.4.12 అంటే 30412. చివరిదానికి రెండు స్థానాలు చాలునా అని ఎవరో అడిగితే, "వంద దాకా ఎవరు పోతారండీ?" అని నవ్వి కొట్టిపారేసింది.

పోయారు. మధ్య సంఖ్య పెంచాలంటే తనిఖీవాళ్ళు వచ్చి, నలభై పేజీల ఫారాలు నింపించి, మూణ్ణెల్లు ప్రాణం తోడేస్తారు. చివరిదానికి ఆ బెడద లేదు. అందుకని పాత మోటారున్న యంత్రాలకు ఎంత పెద్ద మార్పు చేసినా, చిన్నదేనని బుకాయించి చివరి సంఖ్యనే పెంచుకుంటూ వచ్చారు. అది తప్పని అందరికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తలేదు. ఆ ఉదయం పదకొండింటికి 3.4.100 విడుదలైంది. మొదటి విడతలో అరవై ఇళ్ళకు వెళ్ళింది.

పన్నెండూ యాభైకి పొదుపమ్మ భోజనం డబ్బా మూత తీస్తూ కంప్యూటర్ తెర వంక చూసింది. అరవై యంత్రాల పక్కనా 3.5.0 అని ఉంది. ఇదేం చోద్యం అనుకుంది. 3.5 అంటే కొత్త మోటారు యంత్రాలు, అవి ఈ జాబితాలోనే లేవు. వేళ్ళ మీద లెక్క వేసింది. ముప్పైవేలు, నాలుగు వందలు, పైన ఇంకో వంద. ముప్పైవేల అయిదు వందలు. 3.5.0కి కూడా అంతే వస్తుంది. చేతిలోని మూత కింద పడింది.

పాత మోటారుతో పన్నెండు పాయింట్ల ఒత్తిడి పెట్టించాలంటే పన్నెండనే చెప్పాలి. కొత్తది పదో వంతుల్లో కొలుస్తుంది కనుక దానికి నూట ఇరవై అని చెప్పాలి. తనలో ఉన్న మోటారు పాతదో కొత్తదో యంత్రం ఆ ఒక్క సంఖ్యను చూసే తేల్చుకుంటుంది. ఇప్పుడు అరవై పాత మోటార్లకూ నూట ఇరవై అనే ఆజ్ఞ వెళుతుంది. ఈసారి స్విచ్ వేయగానే అవి తమ సత్తువంతా పెట్టి మనిషి గొంతులోకి ఊదుతాయి. ఆఫీసులో పాత మోటారు ఒక్కటీ మిగల్లేదు. పరీక్షలన్నీ మోటారు లేకుండా తెర మీదే కానిచ్చేశారు.

జాబితాలో మొదటి పేరు అక్కది. ముందు మా అక్క యంత్రంలోనే పెట్టండని గొప్పగా తనే రాయించింది. అక్క భోంచేసి, సరిగ్గా ఒంటిగంటకు మాస్కు పెట్టుకుని నడుం వాలుస్తుంది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. వంటింట్లో ఛార్జింగుకు పెట్టి ఆ సంగతే మరిచిపోయే మనిషి అక్క. మళ్ళీ చేసింది. ఇళ్ళకు చేరిన వెర్షన్‌ను వెనక్కి తీసుకోవాలంటే మేనేజరు కూడా ఒప్పుకుని మీట నొక్కాలి. ఆయన మీటింగులో ఉన్నాడు, గాజు తలుపులోంచి కనిపిస్తూనే ఉన్నాడు. తలుపు తడితే ఎందుకంటాడు, ఎలాగంటాడు, పది నిమిషాలు హరీమంటాయి. తల్లి పోయాక ఆరేళ్ళ తనకు జడ వేసి, చదువు మానేసి, అన్నం కలిపి పెట్టిన అక్క. పొదుపమ్మకు ఇంకేమీ తోచలేదు. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగి పరుగెత్తింది.

ఇంటికి పావుగంట నడక. ఆ రోజు ఆమె ఒక్క సిగ్నలూ చూడలేదు. బస్సు డ్రైవరొకడు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టాడు. తలుపు దగ్గర తాళంచెవి రంధ్రంలో దూరనంటుంది. లోపలినుంచి మోటారు రొద వినిపిస్తోంది. ఏడేళ్ళలో ఆ యంత్రం అలా అరవడం ఆమె వినలేదు.

అక్క మంచం అంచున కూర్చుని ఉంది. మాస్కు నేల మీద పడి బుసకొడుతోంది. అక్క కళ్ళ నిండా నీళ్ళు, చెయ్యి గుండె మీద.

"ఏమే, దీనికేం పుట్టింది?" అంది రొప్పుతూ. "లోపలికి తోస్తుందే గానీ... ఊపిరి వదలనివ్వదు. పీకి పారేశాను."

పొదుపమ్మ స్విచ్ ఆపి, అక్క ఒళ్ళో తల పెట్టి బావురుమంది. వెక్కుతూనే జరిగిందంతా చెప్పింది. అక్క చెయ్యి ఆమె జుట్టు నిమురుతూ నిమురుతూ ఆగింది.

"అరవై అన్నావు. మిగతావాళ్ళకి చెప్పావా?"

"లేదు."

"ఆఫీసులో?"

"లేదక్కా. నీకేమైనా అవుతుందేమోనని..."

"నాకు చేతులు ఆడతాయి గనక పీకాను. చెయ్యి ఎత్తలేనివాళ్ళ గతేంటి?" అక్క ఆమె తలను ఒళ్ళోంచి తోసేసింది. "నన్ను అడ్డం పెట్టుకుని వాళ్ళని చంపకే."

పొదుపమ్మకు అప్పుడు పట్టింది అసలు భయం. ఇందాకటిది దీని ముందు ఏపాటి? మేనేజరుకు ఫోను చేసి, ఒక్క గుక్కలో, "సార్, వందో వెర్షన్ వెనక్కి తీసుకోండి, మనుషులు చచ్చిపోతారు, తప్పు నాది" అంది. జవాబు వినకుండానే పెట్టేసి బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి, అరవై ఇళ్ళ జాబితా తెరిచింది. అక్క వంటింట్లోకి వెళ్ళి, గోడ పట్టుకుంటూ తన ఫోను తెచ్చుకుంది.

"నంబర్లు చదువు. నేనూ చేస్తాను."

మొదటి రెండూ ఎత్తలేదు. మూడోది అక్కకు కలిసింది. స్పీకరు పెట్టింది.

"అమ్మా, మీ ఇంట్లో... శ్వాస మెషీను ఉంది కదా? అది పాడైంది. వెంటనే మాస్కు తీసెయ్యండి."

"అయ్యో, ఆయన ఇప్పుడే పడుకున్నారండీ," అంది అవతలి ఆవిడ, గొంతు తగ్గించి. "నిద్ర చెడగొడితే ఊరుకోరు."

"ఊరుకోకపోతే తిట్లు తిందురుగాని. ముందు వెళ్ళి తియ్యమ్మా!"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. చెప్పుల చప్పుడు దూరమైంది. తలుపు తెరుచుకోగానే మోటారు రొద ఫోనులోకి వచ్చింది. కాసేపటికి అది ఆగింది.

"ఏమండీ," అని పిలిచింది ఆవిడ. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచేసరికి ఆవిడ గొంతు మారిపోయింది.