పెదాల మాట

నాలుగు మగ్గాలావిడ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. మిల్లులో తక్కినవాళ్ళంతా రెండేసి మరమగ్గాలతో కిందా మీదా పడుతుంటే, ఆవిడ నాలుగింటిని ఒక్కతే నెట్టుకొచ్చేది. పోగు తెగిందో లేదో కళ్ళతో చూడక్కర్లేదు. చట్రం మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఆ అదురులో తేడా చేతికే తెలిసిపోయేది. ఇక ఆ షెడ్డులో మాటలంటారా, పక్కన పిడుగు పడినా వినిపించదు. అందుకని మిల్లువాళ్ళందరిదీ పెదాల మాట. ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా పెదాల మీద దిద్ది చూపిస్తారు. గొంతు దండగ. అలాగే మగ్గాలకు అటూ ఇటూ నిలబడి సంబంధాలు కుదిర్చేవారు, అత్తగార్లను ఆడిపోసుకునేవారు, మేస్త్రీ వీపు వెనకే నిలబడి అతన్ని కడిగిపారేసేవారు. పాపం, అతనికి తెలిసేది కాదు.

మగ్గాలు ఆవిడకు కూడు పెట్టి, చెవులు తీసుకున్నాయి. పని మానేసేనాటికి చెవులు పూర్తిగా పోయాయి. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ కనిపెట్టనూ లేదు. కూతురిదీ అదే మిల్లు, ఇంట్లో కూడా పెదాల మాటే అలవాటు. షిఫ్టు దిగి వచ్చినా కూతురి చెవుల్లో మగ్గాల హోరు పడుకునేదాకా వదలదు. అల్లుడు వ్యాను నడుపుతాడు. లోడు ఎత్తుకుని వెళ్ళాడంటే ఎన్నాళ్ళకు వస్తాడో అతనికే తెలియదు, వచ్చినా నిద్రే.

పని మానేశాక ఆవిడ గోడకేసి చూస్తూ కూర్చునేది. తిన్నావా అని అడిగేవాళ్ళున్నారు గానీ, నువ్వు లేకపోతే గడవదు అనేవాళ్ళు లేకపోయారు. మనవలు పుడితే చాలు, ముసలాళ్ళకు అంతకన్నా సుఖం లేదంటారు జనం. వాళ్ళకేం, అంటారు. మనవరాలు పుట్టిందన్నప్పుడు ఆవిడేం పొంగిపోలేదు. కూతురు మళ్ళీ పనిలో చేరుతూ, పిల్లను తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టి, "ఇక నీదే భారం అమ్మా" అన్న రోజున మాత్రం ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

పిల్లను కంటికి రెప్పలా చూసుకుంది. మాటవరసకు అనడం కాదు, కళ్ళు తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. పిల్ల పడుకుంటే దాని కాలికీ తన మణికట్టుకూ మెత్తటి గుడ్డ పీలిక కట్టుకునేది. అది కదిలితే తనకు తెలియాలి. పాలు పొంగుతాయని పొయ్యి ముందు నుంచి కదిలేది కాదు. చెవుల సంగతి కూతురికి చెప్పాలని రోజూ అనుకునేది. చెబితే పిల్లను శిశు సంరక్షణ కేంద్రంలో వేస్తారు. మళ్ళీ ఆ గోడ. అందుకని రోజూ మింగేసేది.

పిల్ల పేరు పెట్టకముందే తల్లి దాన్ని పిచ్చుక అంది, పుట్టగానే అంత గోల చేసిందట. ఆ గోల ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. వెనక నుంచి ఎంత ఏడ్చినా అమ్మమ్మ తిరిగి చూడదు, ఎదురుగా వచ్చి పెదాలు కదిపితే చాలు, చేతిలో పని వదిలేసి ఎత్తుకుంటుంది. పిల్లలు ఏది పనికొస్తే అదే నేర్చుకుంటారు. మూడేళ్ళు దాటేసరికి పిచ్చుక పెదాల మీద బారెడు కబుర్లు చెప్పేది. అమ్మమ్మ మురిసిపోయేది. తల్లి చూసి జవాబిచ్చేది. తండ్రి మాత్రం, "మాటకారి కాదు, నా పోలిక" అని నవ్వి ముసుగు తన్నేవాడు. పక్క గదిలో కుట్టుపని చేసే ఆమె, "ఎంత బుద్ధిమంతురాలండీ, నోరెత్తదు" అని మెచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం పిచ్చుక దాగుడుమూతలాడుతూ మాయమైపోయింది. అమ్మమ్మ మంచం కింద చూసింది, పరుపుల వెనక చూసింది, మెట్ల దాకా పరుగెత్తింది. కుట్టుపనామె మిషను ఆపి వచ్చింది. వసారా వెంట ఉన్న గదులవాళ్ళంతా బయటికొచ్చారు. "పలకవే తల్లీ" అని అందరూ గొంతులు చించుకున్నారు. షిఫ్టు దిగి వచ్చిన కూతురు సంచీ అక్కడే పడేసి వీధిలోకి పరుగెత్తబోయింది. అప్పుడు ఎవరో చీపురు కోసం వసారా చివరి సామాన్ల గది తలుపు లాగారు. ఆ తలుపు గడియ దానంతటదే పడుతుంది.

పిచ్చుక తలుపు సందుకు ముఖం ఆనించి నిలబడి ఉంది. చెమటతో తడిసిపోయింది. పెదాలు ఎండి తెల్లబడ్డాయి, ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ తలుపు ముందు నుంచి అమ్మమ్మ ఎన్నిసార్లు వెళ్ళిందో.

"అరిస్తే ఇంతమందిమి ఉన్నాం కదమ్మా, వినేవాళ్ళం కాదూ?" అంది కుట్టుపనామె.

పిచ్చుక పెదాలు కదిపింది.

"పిలిచానంటోంది కదండీ" అంది కూతురు, పిల్లను గుండెకు అదుముకుంటూ.

"ఎక్కడంది? నోరు కదిపింది గానీ గొంతేదీ?"

కూతురు పిల్లను దించి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మళ్ళీ చెప్పమంది. పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని విన్నది. ఆ ముఖం పాలిపోవడం అమ్మమ్మ చూసింది. ఎందుకు పాలిపోయిందో ఆవిడకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల గొంతు చూసింది, చెవులు చూసింది. తర్వాత మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళ వెనక్కి వెళ్ళి, ఇనుప పళ్ళెం ఒకటి నేల మీదికి వదిలేసింది. పిల్ల ఉలిక్కిపడింది. కూతురు ఉలిక్కిపడింది. అమ్మమ్మ వంగి పిల్ల గౌను మడత సర్దుతూనే ఉంది. తలెత్తేసరికి ఇద్దరూ తననే చూస్తున్నారు. తిరిగి చూస్తే నేల మీద పళ్ళెం.

"పాపకు ఏ లోపమూ లేదమ్మా" అంది డాక్టరమ్మ. "గొంతు వాడాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు. అవసరం వచ్చే చోట ఉంచండి."

"ఎప్పటినుంచమ్మా?" అని అడిగింది కూతురు, ఇంటికొచ్చాక.

"నేను పని మానేసిన ఏడాదే. కొంచెం ముందే అనుకో."

"చెప్పొచ్చు కదా! చచ్చిపోయేది అది ఆ గదిలో! నీకసలు..."

తక్కినదంతా కూతురు అటు తిరిగి అంది. ఏం తిట్టిందో ఆవిడకు ఎప్పటికీ తెలియదు. భుజాలు కదలడం మాత్రం చూసింది. 'ఇటు తిరిగి తిట్టవే' అని అడగాలనుకుంది, అడగలేకపోయింది.

పిచ్చుకను సంరక్షణ కేంద్రంలో వేశారు. ఉదయం తీసుకెళితే దీపాలు పెట్టేవేళకు తెస్తారు. అప్పటికది నిద్రమత్తులో ఉంటుంది. అక్కడ కూడా నోరు కదుపుతోందే గానీ గొంతు విప్పడం లేదట. ఆవిడ మళ్ళీ గోడకేసి కూర్చుంది. మణికట్టుకున్న గుడ్డ పీలిక మాత్రం విప్పలేదు. సెలవు రోజున కూతురు పిల్లను తెచ్చి ఆవిడ ముందు దింపి, "కాసేపు చూస్తుండు, నేను వంటగదిలోనే ఉంటాను" అంది. నమ్మకం ఎంత తగ్గిందో ఆ 'వంటగదిలోనే ఉంటాను' లోనే ఉంది.

పిచ్చుక అమ్మమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసి, ముఖంలోకి చూసి, పెదాల మీద ఎంతో ముద్దుగా "అమ్మమ్మా" అంది.

ఆవిడకు ప్రాణం పోయినట్టయింది. ఆ పెదాలను చూడటం కోసమే కదా ఇన్నాళ్ళూ అబద్ధమాడింది. ఒక్కసారి, ఇంకొక్కసారి చూద్దామనుకుంది. చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

చిన్న చేతులు చెంపలు తట్టాయి. ఆవిడ తెరవలేదు. వేళ్ళు రెప్పలను పైకి లాగాయి. ఇంకా గట్టిగా బిగించింది. మోకాళ్ళు లాగాయి, ఊపాయి. ఒళ్ళో తల పెట్టి పిల్ల వెక్కుతోంది, ఆవిడ అరచేతులు దాని వీపు మీదే ఉన్నాయి. పిలవవే, నా తల్లివి కదూ, గొంతుతో పిలవవే. అలా ఎంతసేపు కూర్చుందో. ఉన్నట్టుండి మోకాళ్ళకు ఆనిన ఆ చిన్న గుండె అదిరింది. ఒకసారి. మళ్ళీ, ఈసారి గట్టిగా. ఆ అదురు ఆవిడకు తెలుసు, అరచేతులు పొరబడవు. పలికింది. పిచ్చుక పలికింది!

ఆవిడ కళ్ళు తెరిచింది. గుమ్మంలో కుట్టుపనామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కూతురు తడిచేతులతో పరుగెత్తుకొస్తోంది. పిచ్చుక ముఖం మాత్రం ఆవిడ వైపు లేదు. వంటగది వైపు తిరిగి, చేతులు రెండూ అటే చాచి ఉంది.

కూతురు పిల్లను ఎత్తుకుంది. పిల్ల తల్లి మెడ చుట్టేసుకుని, అమ్మమ్మను చూడనని ముఖం దాచుకుంది.

"ఏమని పిలిచిందే?" అని అడిగింది ఆవిడ.

కూతురు ఎదురుగా వచ్చి నిలబడి, నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా దిద్ది చెప్పింది. "నిన్నే అమ్మా. నిన్నే పిలిచింది."

అబద్ధం చెప్పేటప్పుడు పెదాలు అవసరానికి మించి తెరుచుకుంటాయని మిల్లులో ప్రతివాళ్ళకూ తెలుసు. ఆవిడ విన్నట్టే తలూపింది. కాసేపటికి మణికట్టు మీది గుడ్డ పీలిక ముడి విప్పుకుంది.