పదకొండు మంది, ఒక్క నెంబరు

రాజమల్లు ఫోన్ టింగుమన్నదంటె బొంబాయి కామాటిపుర పదమూడో గల్లీల ఆ చాల్ మూడో అంతస్తు మొత్తం చెవులు నిక్కబొడుచుకునేది. ఆయన గ్యాలరీల నిలవడి, టేషన్ల రైలొస్తున్నదని చెప్పినట్టు, "మల్లమ్మ మరదలా, నీ ఓటీపీ వచ్చింది! చాయ్ పొయ్యి, చెప్త!" అని మొత్తుకునేటోడు. చాయ్‌ల అల్లం తక్కువైతే మూడు అంకెలే చెప్పి, కడమ మూడిటికి ఇంకో కప్పు తాగేటోడు.

ఇదెట్లయిందంటె, పన్నెండేండ్ల కింద బ్యాంకోళ్లు చాల్ కింద టేబులేసుకోని ఖాతాలు తెరిచిన్రు. ఫారంల ఫోన్ నెంబరు రాయాలె. ఫోన్లు అందరికీ ఉండె. గాని ఏ కంపెనీ సస్తాగ ఇస్తె ఆ సిమ్ము ఏసుకునుడు, పాతది పారేసుడు. నెంబరు మార్వనోడు రాజమల్లొక్కడే. "నాదే రాయుండ్రి, నేనేడ వోత?" అన్నడు ఛాతి ముందరికి పెట్టి. ఆయన కాక పది మంది రాసిన్రు.

గా పదకొండు ఖాతాలు మొన్న మంగళారం ఒక్కపారే బందయినయి.

మిగతావోళ్లు రేపో మాపో చూద్దమన్నరు. మల్లమ్మకు రేపు లేదు. చీరలకు ఫాల్ కుట్టి బతికేటామె. కిరాయి మిషను మీదనే ఆరేండ్లు లాగింది. ఫాక్‌లాండ్ రోడ్డు మీద పాత మిషన్లమ్మే బాలనర్సయ్య దగ్గర చీర అంచులు కుట్టే పికో మిషనొకటి దొరికింది, పదకొండు వేలకు. "బుధారం అయిదు గంటల దాక ఆపుత. తర్వాత వర్లి నుంచి ఒకాయనొస్తడు, ఆయనకిస్త" అన్నడాయన. పైసలేమో ఖాతాల చిక్కినయి.

బుధారం పొద్దుగాల్నే రాజమల్లు కస్టమర్ కేర్‌కు కొట్టిండు. ఒకటి నొక్కుమన్నది, నొక్కిండు. నాలుగు నొక్కుమన్నది, నొక్కిండు. అర్ధగంట సంగీతం వినవెట్టి, "మీ రోజు శుభంగా గడవాలి" అని కట్ చేసింది. "నీ రోజు గట్లనే గడవ!" అని ఫోన్‌ను తిట్టి, మల్లమ్మను తోల్కోని బ్యాంకుకు నడిచిండు.

అక్కడ లైన్లనే పగలంత గడిచినంక, సీమా మేడం కంప్యూటర్ల చూసి హిందీల అడిగింది: "పదకొండు ఖాతాలకు ఒక్కటే నెంబరు. కంప్యూటర్ మిమ్మల్ని దొంగల ముఠా అనుకుంటున్నది. వీళ్లంత నీకేమైతరు?"

రాజమల్లు నోరు ఊకుంటదా? "నా క్రికెట్ టీం మేడం. నేను కెప్టెన్‌ను."

ఆమె నవ్వలే. కాయిదం మీద ఏందో రాసుకున్నది. "ఇది పైకి పంపాలె. పోలీసులకు కూడ పోవచ్చు."

అరవయ్యేండ్లల్ల మొదటిపారి నవ్వులాట ఏడ వెట్టాల్నో రాజమల్లుకు సమజ్ కాలే. గోడ మీది గడియారం మూడుంబావు చూపిస్తున్నది. నా నెంబరు రాసుకున్న పాపానికి ఈమె మిషను పోతదేమో అనుకోని తల దించిండు.

మల్లమ్మ లేసింది. "మేడం, దొంగైతే చాయ్ అడుగుతడా? పన్నెండేండ్ల సంది ఓటీపీలు గ్యాలరీల నిలవడి అందరికి ఇనవడేటట్టు మొత్తుకుంటున్నడు. ఒక్కల పైసా పోలే. పోయిందంటె నా అల్లమే పోయింది." సిమ్ముల కత మొత్తం చెప్పింది.

సీమా మేడం మొఖం మీద చేయి అడ్డం వెట్టుకున్నది. చేయి తీస్తె నవ్వుతున్నది. "సరే. అమ్మా, బందు తీసి నీ ఖాతాకు నీ నెంబరే ఇప్పుడు ఎక్కిస్త. పాత నెంబరుకు ఓటీపీ వస్తది, చెప్పుండ్రి."

టింగుమన్నది. రాజమల్లు ఆరు అంకెలు గడగడ చదివేసిండు.

మల్లమ్మ బీరిపోయింది. "బావా, పానం బాగలేదా? చాయ్ అడుగలే?"

"ముందు నీ మిషను తెచ్చుకో, పో."

గాని నెంబరు మారినంక పైసలు పంపాల్నంటె ఇరవై నాలుగు గంటలాగాలన్నది యాప్. మేడం చీటి రాసి కౌంటర్‌కు పంపింది. నాలుగు గొట్టంగ మల్లమ్మ చేతుల నోట్లు వడ్డయి. సంచిల కుక్కి కొంగు చెక్కుకోని ఉరికింది. మిగిలిన తొమ్మిది మందిని రేపు తెమ్మని మేడం రాజమల్లుకు చెప్పింది. "కంప్యూటర్‌కు నీ మీద కోపం పోయేదాక నీ ఖాతాకు ఇంకోల్ల నెంబరియ్యి. ఒక్క నెంబరు మీద ఇద్దరి దాక అది ఊకుంటది." ఆయనకు నోటికొచ్చేటియి రెండే నెంబర్లు. ఒకటి తనది, రెండోది మల్లమ్మది. మల్లమ్మదే రాయించిండు.

బాలనర్సయ్య దుకాణంల మిషను ఇంకా ఉన్నది. తోపుడు బండి మీద వెట్టి రాజమల్లే దొబ్బుకొచ్చిండు, "జరుగుండ్రి, పెండ్లిపిల్లొస్తున్నది!" అని గల్లీ పొడుగూత మొత్తుకుంట.

పొద్దుగూకంగ మల్లమ్మ ఉండే ఖోలీల మిషను గుర్రుమని తిరుగుతున్నది. రాజమల్లు గడప మీద కాళ్లు చాపి, పన్నెండేండ్ల బరువు దిగినట్టు కూసున్నడు. ఆయన ఫోన్ చప్పుడు జేస్తలేదు.

మల్లమ్మ ఫోన్ టింగుమన్నది. మిషను ఆగింది. ఆమె గ్యాలరీలకొచ్చి, అందరికి ఇనవడేటట్టు మొత్తుకున్నది:

"రాజమల్లు బావా! బ్యాంకు నుంచి నీకు ఆరు అంకెలొచ్చినయి!"

"చెప్పు మరి!"

"అల్లం మంచిగెయ్యి" అని మళ్ల పోయి మిషను ముందల కూసున్నది.

రాజమల్లు నడుము పట్టుకోని లేసి, స్టవ్ ఎలిగిచ్చి, అల్లం దంచుడు షురూ చేసిండు.