కొందెసా ఎవరి పంది?

మొక్కజొన్న కంకులు పాలు పట్టే వేళకి పందులు దిగాయి. పొద్దున్నే ఒలీవియో పొలానికి వెళ్లేసరికి కొండవాలు పైభాగంలో పంట మొత్తం చాప పరిచినట్టు పడుకుని ఉంది. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. కింది చెక్కలో పంట మాత్రం ఇంకా నిలబడి ఉంది. అది కూడా పోతే చలికాలంలో ఆవులకు మేత ఉండదు. మేత లేకపోతే ఆవులను అమ్మేయాలి. ఆవులు పోయాక, సంత కతరీన కొండల్లో అతనికి మిగిలే పని 'మాటే' అనే ఆకు టీ తాగుతూ మంచును చూడడం ఒక్కటే.

"ఇవాళే తుపాకీ తీసి వేటకు పోతా," అన్నాడు ఇంటికొచ్చి.

అతని భార్య జుల్మీరా తమ్ముడు అదెమార్ అప్పటికే వాళ్ల వంటింట్లో కూర్చుని రొట్టె మీద జామ్ రాసుకుంటున్నాడు. అడవి అంచున అతనికో గెస్ట్‌హౌస్ ఉంది. ఆ లోయ మొత్తంలో పందులను చంపే పర్మిట్ ఉన్నది అతని జట్టుకే.

"వేట అనకు బావా. ఈ దేశంలో వేట నేరం. నియంత్రణ అనాలి."

"ఆ తేడా పందికి తెలుస్తుందా?"

"పందికెందుకు? అధికారికి తెలిస్తే చాలు. బయటి దేశం నుంచి వచ్చిన పందినైతే నియంత్రించొచ్చు. మన అడవి పందిని ముట్టుకుంటే జైలు. నీకు పర్మిట్ లేదు కాబట్టి నువ్వు దేన్ని ముట్టుకున్నా జైలే. నాకు వదిలెయ్."

వదిలేశాడు. ప్రతి శనివారం పట్నం నుంచి అదెమార్ గెస్ట్‌హౌస్‌కు కార్లు వచ్చేవి. నారింజ రంగు కోట్లు, మెడకు గంటలు కట్టిన కుక్కలు, మధ్యాహ్నానికి బొగ్గుల మీద మాంసం. మూడు వారాల్లో ఒక మగపందిని కొట్టారు. దాని పక్కన అందరూ వంతులవారీగా ఫొటోలు దిగారు.

"పందుల కంటే వీళ్లే ఎక్కువ తింటున్నారు," అంది జుల్మీరా గిన్నెలు తోముతూ.

చివరికి ఒలీవియో అటవీ అధికారిణి ఇవోనెకు ఫోన్ చేశాడు. బోను పెట్టుకోవచ్చు, పడితే తనకు చెప్పాలి, చంపడం మాత్రం పర్మిట్ ఉన్నవాడే చేయాలి అందామె. అతను పాత పశువుల లారీ కటకటాలతో కింది చెక్క గట్టున బోను కట్టి, లోపల నానబెట్టిన మొక్కజొన్న పోశాడు.

శనివారం పొద్దున బోను ఊగిపోతోంది. లోపల ఆడపంది. దూడంత ఉంది. వెన్ను మీద ముళ్లలాంటి వెంట్రుకలు, నోట్లో నురుగు. ఒలీవియో దగ్గరకు వెళ్లగానే కటకటాలను ఎంత గట్టిగా గుద్దిందంటే అతను బురదలో వెనక్కి పడ్డాడు.

లేచి ఇవోనెకూ, బామ్మర్దికీ ఫోన్ చేశాడు. ముందు అదెమార్ తుపాకీతో వచ్చాడు. వెనక ఇద్దరు పట్నం అతిథులు ఫోన్లు పట్టుకుని ఉన్నారు.

"ఏం బావా, పడిందా?"

ఆ గొంతు వినగానే పంది గుద్దడం ఆపేసింది. చెవులు కదిలించింది. సన్నగా గురగురమని, పక్కకు ఒరిగి పొట్ట చూపించింది.

అదెమార్ మొహంలో రంగు పోయింది. ఒలీవియో పందిని చూశాడు, బామ్మర్దిని చూశాడు. ఇవోనె జీపు వచ్చేదాకా ఆగాడు.

ఆమె బోను చుట్టూ తిరిగి చూసింది. "ఒళ్లేమో అడవిది, చెవులేమో ఊరివి. సంకరం. దీనికి యజమాని ఎవరైనా ఉన్నారా? ఉంటే పెంపుడు పంది, పంట నష్టం ఆయన మీద. లేకపోతే బయటి దేశపు అడవి పంది కింద లెక్క, ఇక్కడే చంపాలి. ప్రాణంతో తరలించడానికి వీల్లేదు."

"అడవిదే మేడం," అన్నాడు అదెమార్ గబుక్కున.

"అయితే ఇంకేం బామ్మర్దీ," అన్నాడు ఒలీవియో. "నియంత్రించు."

అదెమార్ తుపాకీ ఎత్తాడు. పంది లేచి కటకటాల మధ్య నుంచి మూతి పెట్టి అతని బూటును నాకింది.

"వెనక్కి జరుగు," అని పళ్లు బిగించి గొణిగాడు. అది ఇంకా దగ్గరకు వచ్చింది.

"గురి కుదరట్లేదు మేడం."

"చేతికి ఆనుతోంది కదయ్యా, ఇంకా గురేంటి?"

జుల్మీరా గట్టు మీద నుంచి అరిచింది. "ఒరేయ్, చిన్నప్పుడు కోడిని కొయ్యమన్నా ఇలాగే నిలబడేవాడివి!"

అతిథులు నవ్వారు. తుపాకీ గొట్టం కిందికి దిగింది.

"కొందెసా..." అన్నాడు అదెమార్, ఏడుపు గొంతుతో.

పంది బదులు పలికింది.

"దొరసాని పేరే పెట్టావన్నమాట," అన్నాడు ఒలీవియో.

"పాలసీసాతో పెంచాను బావా. వంటింట్లోనే పడుకునేది. పోయినేడు అడవిలో వదిలాను. పందులు అయిపోతే గెస్టులు రారు కదా!"

ఇవోనె అక్కడికక్కడే పంట నష్టం అతని పేర రాసి, అతని జట్టు పర్మిట్ రద్దు చేసింది. ఒలీవియో సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"మేడం, పొలంలో చిన్న గిట్టల జాడలు కూడా ఉన్నాయి. దీని పిల్లలు అడవిలోనే ఉన్నాయి. వాటినెవరు కాలుస్తారు?"

ఆమె టోపీ సర్దుకుంది. "లోయలో ఉన్న ఒక్క పర్మిట్ ఇదే. కొత్తది వచ్చేసరికి మీ కోత అయిపోతుంది."

"కోతా? అప్పటికి కొయ్యడానికేం మిగులుతుంది?" ఒలీవియో కింది చెక్కను చూశాడు, తర్వాత బామ్మర్దిని. "మేడం, పిలవడానికి పర్మిట్ కావాలా?"

"పిలవడానికా?"

"తల్లి ఈయనది. అంటే పిల్లలూ ఈయనవే. సొంత పందులను ఇంటికి పిలుచుకుంటే?"

ఆమె జీపులోంచి రూల్స్ పుస్తకం తీసి తిరగేసింది. "రూల్లో పిలవడం గురించి ఏమీ లేదు. కానీ మళ్లీ దొడ్డి దాటితే ఈయన్నే బోనులో పెడతాను."

ఆ సాయంత్రమే అదెమార్ కొందెసాను వెంటబెట్టుకుని అడవి అంచున నిలబడ్డాడు. బకెట్ అడుగున దబదబ కొడుతూ, పందులను మేతకు పిలిచే పిలుపుతో "చికో... చికో..." అని అరిచాడు. గొంతు బొంగురుపోయాక పొదలు కదిలాయి. ముళ్ల వెన్నులు ఒకదాని వెనక ఒకటి బయటకు వచ్చి, తల్లి తోక పట్టుకుని గెస్ట్‌హౌస్ దారి పట్టాయి. చివరి పిల్ల వచ్చేదాకా వారమంతా అదే పని. పట్నం కార్లు ఆ వారమే ఆగిపోయాయి. అతిథుల గదులను పందులకు ఇవ్వక తప్పలేదు.

కింది చెక్క నిలిచింది. గట్టు మీద మాటే టీ తాగుతున్న ఒలీవియో ముందు అదెమార్ చొక్కానిండా బురదతో ఆగాడు.

"చివరికి నన్ను పందులు కాసేవాణ్ణి చేశావు కదా బావా!"

"తప్పు బామ్మర్దీ," అన్నాడు ఒలీవియో. "నియంత్రణ అనాలి."