పెట్టెలో అత్తయ్య గొంతు

ఫోన్లూ లాప్‌టాప్‌లూ సంచుల్లోంచి తీసి ట్రేలో విడిగా పెట్టమంటున్నారు విమానాశ్రయం తనిఖీ దగ్గర. నా ఫోనూ పవర్‌బ్యాంకూ తీసి పెట్టాను. వాటి పక్కన అత్తయ్య మా పెట్టెను పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టింది.

పెట్టె అంటే సబ్బుపెట్టెకన్నా పెద్దదేం కాదు. దానికి నిన్న అత్తయ్య మెత్త పెట్టి, అంచుకు పైపింగ్ వేసి, ఒంటికి అతుక్కునే జాకెట్టులాంటి తొడుగు కుట్టింది. అది నేను చేసిన పెట్టె. గుడ్డమీద ఆనిస్తే ఆ గుడ్డ రంగేమిటో పైకి చెబుతుంది.

మా ఇంట్లో ముందు గది అత్తయ్య కుట్టు గది. కత్తిరింపుల బల్లలో ఒక చివర నాది. ఫోన్లూ రేడియోలూ అక్కడే బాగుచేస్తాను. తీగలు అతికించే టంకం పొగ వాసన తన పట్టుగుడ్డలకు పట్టిందంటే ఊరుకోనని రోజుకోసారైనా అనేది. నేనేం చేస్తుంటానని చుట్టాలెవరైనా అడిగితే, “ఏవో తీగలు కలుపుతూ ఉంటుందిలే” అని మాట తప్పించేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే జవాబు. నేనూ అలవాటు పడ్డాను.

తర్వాత అత్తయ్య కళ్ళు మందగించాయి. ఆకారాలు తెలుస్తాయి గానీ రంగులు కలిసిపోతాయి. ఒకావిడ తెచ్చిన నీలం గౌనుకు ఆకుపచ్చ దారంతో అంచు కుట్టి ఇచ్చింది. ఆవిడ గౌను తిరిగి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు అత్తయ్య మిషను మీద మూత పెట్టేసింది. ఆ మూత తీయించడానికే నేను ఈ పెట్టె మొదలుపెట్టాను. రంగుల పేర్లు ఆమె చేతే పలికించి రికార్డు చేశాను. నెమలికంఠం, ఉల్లిపొర, ఇటుక, మామిడిచిగురు, అన్నీ మా కుట్టు గది పేర్లే. మిషను మళ్ళీ తిరిగింది.

ఆ సంగతి ఎలాగో తెలిసి చూపులేని పిల్లల బడివాళ్ళు రమ్మన్నారు. అక్కడ కుట్టుపని నేర్పుతారట. రేపు పొద్దున చూసి, నచ్చితే పిల్లలందరికీ చేయించుకుంటామన్నారు. ఉన్నది ఒక్క పెట్టే. చూపించవలసింది అత్తయ్య. అందుకే ఇద్దరం బయలుదేరాం.

బెల్టు ఆగింది. తెర ముందు కూర్చున్నతను మా ట్రేను పక్కకు తోశాడు. తనిఖీ ఆఫీసరు, నా వయసుదే, తొడుగు విప్పమంది. లోపల తీగలున్నాయి, కంపెనీ పేరు లేదు, ఏమిటిదని అడిగింది. చెప్పాను. అయితే ఆన్ చేసి చూపించమంది.

మీట నొక్కాను. పలకలేదు. మళ్ళీ నొక్కాను. నిన్న నిండా ఛార్జింగ్ పెట్టిన పెట్టె అది.

“పనిచేయని పరికరాన్ని లోపలికి పంపలేనమ్మా. ఇక్కడ వదిలేసి వెళ్ళాలి, లేదా మీరే ఆగిపోవాలి,” అంది ఆఫీసరు. కటువుగా అనలేదు.

అప్పుడు తొడుగు లోపలివైపు చూశాను. మెత్తలో మీట మేర గుంట పడి ఉంది. అంత బిగువుగా కుట్టిన తొడుగు నిన్నట్నుంచీ మీటను నొక్కిపెట్టి ఛార్జింగంతా తాగేసింది. పవర్‌బ్యాంకు ఉంది కదా అని వైరు కోసం చేతిసంచి వెతికాను. లేదు.

“పెద్ద పెట్టెలో పెట్టాను,” అంది అత్తయ్య మెల్లగా. “తీగలు కనబడితే అనుమానిస్తారేమోనని, నా చీరల మడతల్లో...”

పెద్ద పెట్టె ఎప్పుడో సామాను కౌంటరు దాటిపోయింది.

ఇంట్లో అయితే తన తప్పును మామయ్య మీదో, వాతావరణం మీదో వేసేది. ఇక్కడ నన్ను పక్కకు జరిపి, ఆఫీసరు ఎదురుగా నిలబడింది.

“చూడమ్మా, తొడుగు కుట్టింది నేను. వైరు దాచిందీ నేనే. దీని పనిలో ఒక్క లోపం లేదు. నా కళ్ళు పోతే మా కోడలు ఈ పెట్టెలో కళ్ళు పెట్టిచ్చింది. ఒక్కసారి మాట్లాడనివ్వు, చాలు.”

పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను. ఆ మాట వినడానికి తనిఖీ వరసలో నిలబడవలసి వచ్చింది.

ఆఫీసరు నా పెట్టెకున్న సాకెట్టు వంక చూసింది. “నా ఫోనుదీ ఇదే వైరు,” అని లోపలికి వెళ్ళి తెచ్చింది. పవర్‌బ్యాంకుకు తగిలించి పక్క బల్లమీద పెట్టాం. మా వెనక వాళ్ళు బెల్టులు బిగించుకుంటూ, చెప్పులు తొడుక్కుంటూ మమ్మల్ని చూస్తూ పోతున్నారు. కాసేపటికి చిన్న దీపం వెలిగింది.

అత్తయ్య తన కొంగుకు ఆనించింది. “ఇటుక రంగు,” అంది పెట్టె. ఆఫీసరు ముఖం విచ్చుకుంది. మెడలో కార్డు వేలాడుతున్న తాడును ముందుకు చాపింది. అది ఊదారంగు తాడు. ఆ రంగు పేరు వెనకే, రేపటిలోగా తీసేద్దామనుకుని మర్చిపోయిన రికార్డింగు ముక్క ఒకటుంది.

“వంగపండు రంగు,” అంది పెట్టె అత్తయ్య గొంతుతో. “ఏవండీ, కుక్కరు కూతేస్తోంది, చెవులు ఎక్కడ తాకట్టు పెట్టారు?”

ఆఫీసరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెర ముందు అతను వెనక్కి తిరిగి మరీ నవ్వాడు.

“ఎవరిదండీ ఆ గొంతు?”

“గొంతు నాది, బుర్ర మా కోడలిది,” అంది అత్తయ్య. “తిట్లు మాత్రం మా ఆయనకి.”

పెట్టెను మరోసారి బెల్టు మీద పంపి, తెరమీద చూసి, ఈసారి ఆఫీసరే తెచ్చి నా చేతుల్లో పెట్టింది. వైరు కూడా ఉంచుకోమంది, తనకు ఇంకొకటి ఉందట.

విమానం కోసం కూర్చున్నాక కుక్కరు ముక్క తీసేస్తానన్నాను. ఉండనీ, పిల్లలు నవ్వుకుంటారు అంది అత్తయ్య. తొడుగును వేళ్ళతో తడుముతూ ఆ గుంట దగ్గర ఆగింది.

“ఇన్నేళ్ళు దర్జీపని చేసి మీటకు కాజా వదలడం మర్చిపోయాను చూడు.”

పక్క కుర్చీలోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. ఎక్కడికని ఆవిడ మాటవరసకు అడిగింది. అత్తయ్య ఊరి పేరు చెప్పలేదు.

“మా కోడలు ఏం చేస్తుందో చెప్పనా?” అంటూ అటు తిరిగింది.

నేను వైరు చుట్టచుట్టి విప్పి, మళ్ళీ చుట్టుకుంటూ కూర్చున్నాను.