పది వాక్యాలు, కింద సంతకం

మా అక్క పెదవి చిట్లిన రోజునే నాకు ఇంగ్లీషు వ్యాకరణంలో పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. ఇందులో గొప్పేమీ లేదు, సిగ్గే ఉంది. అయినా చెప్తాను.

యూనివర్సిటీలో మొదటి ఏడాది అందరికీ ఆ పేపరు తప్పనిసరి. కర్త, కర్మ, క్రియ. స్కూల్లో ఎలాగో దాటేసిన గుంటలోకే మళ్లీ తోస్తారు. మా మేడమ్ పద్ధతి మాత్రం వేరు. వారానికి పది వాక్యాలు, ఇంట్లో ఒకే మనిషి నోట విన్నవి, ఇంగ్లీషులోకి మార్చి తేదీ వేసి రాయాలి. ఒక్కోదాన్నీ ముక్కలుగా విడగొట్టి ఏ ముక్క ఏం పని చేస్తోందో చూపించాలి. పిల్లలు సొంతంగా అల్లుకొస్తారని, పేజీ కింద ఆ మాటలన్న మనిషి సంతకం కూడా అడిగేది.

నేనుండేది అక్కా బావల ఇంట్లో. అక్క నోటి నుంచి రోజుకి నాలుగు మాటలు రావు. మిగిలింది బావ. ఇంటి ముందు గదిలోనే అతని టైర్ల షాపు.

మొదటి వారం "టీ బాగుంది", "ఎండ ఎక్కువగా ఉంది" లాంటివి అల్లుకుని వెళ్లాను. మేడమ్ నాలుగు మార్కులు వేసి, "ఏ ఇంట్లోనమ్మా ఇలా మాట్లాడుకునేది? నిజమైనవి తీసుకురా" అంది.

సరే, నిజమైనవే తీసుకెళ్లాను. "నీ చెయ్యి విరిచేస్తాను." "నోరెత్తితే ఇక్కడే పాతేస్తాను." "ఏడుపు ఆపకపోతే ఇంకోటి పడుతుంది." వంటగదిలో దెబ్బలు పడుతుంటే పక్కగదిలో నేను పెన్ను మూత తీసేదాన్ని. అక్క తల గోడకి కొట్టుకున్న చప్పుడు వింటూ కర్త కింద గీత గీశాను. అడ్డం వెళ్తే నాకూ పడతాయని భయం. రాస్తున్నాను కదా, ఇదీ ఒక పనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

శనివారం శనివారం బావ సంతకం పెట్టేవాడు. అతనికి ఇంగ్లీషు టైరు మీద కంపెనీ పేరు వరకే వచ్చు. పేజీని అటూ ఇటూ తిప్పి, మీసం సవరించుకుని, "నా మాటలు యూనివర్సిటీ దాకా వెళ్లాయన్నమాట! ఎన్ని మార్కులొచ్చాయేమిటి?" అనేవాడు. సంతకం కింద రెండు గీతలు కూడా లాగేవాడు.

మేడమ్ ఎర్రపెన్నుతో దిద్దేది. "చంపేస్తాను" పక్కన టిక్కు. అరవై మంది నోట్సులు దిద్దే మనిషి ముక్కలు చూసింది కానీ మాట చూడలేదు. ఎనిమిదో వారం చూసింది. క్లాసు అయ్యాక నన్ను ఆపి, "ఇవి నిజంగా అన్నవేనా?" అని అడిగింది.

"మీరే కదా మేడమ్ నిజమైనవి తెమ్మన్నారు."

ఆమె కుర్చీలో కూలబడింది. "పోలీసుల దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను. లేకపోతే ఈ మనిషి మీ అక్కని చంపేస్తాడు."

అక్కకి చెప్పాను. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నువ్వు చదువుకో చాలు" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం షాపులో నలుగురు లారీ డ్రైవర్లు ఉన్నారు. బావ నన్ను పిలిచి నోట్సు తెమ్మన్నాడు. "మా మరదలికి నా మాటలే పాఠాలు! చదవవే, మనవాళ్లకి అర్థమయ్యేలా మన భాషలోనే చదువు."

అక్క టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడింది. ఏదో ఒకటి అల్లి చదివేస్తే బతికిపోతాను. కానీ ఆమె మెడ మీద పొద్దున పడిన వేళ్ల గుర్తులు కనిపించాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్నది ఉన్నట్టు, తేదీలతో సహా చదివాను. మూడో వాక్యానికే నవ్వులు ఆగిపోయాయి. పెద్ద డ్రైవరు నా చేతిలోంచి నోట్సు తీసుకుని కింద సంతకం చూశాడు. "ఏమయ్యా, ఇవన్నీ నువ్వన్నవేనా?"

బావ టైర్లు ఊడదీసే ఇనప రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకి నా మోచేయి విరిగింది. రెండోది తల మీదకి వస్తుంటే అక్క గ్లాసులు వదిలేసి మధ్యలో పడింది. రాడ్డు ఆమె భుజం మీద దిగింది. అయినా ఆమె తప్పుకోలేదు. అతని మణికట్టు నోట పట్టుకుని నెత్తురొచ్చేదాకా కొరికింది. రాడ్డు జారిపడింది. అప్పుడు కదిలారు డ్రైవర్లు. నలుగురూ కలిసి అతన్ని గాజుపెంకుల మీదే బోర్లా పడేసి తొక్కిపట్టారు. ముఖమంతా నెత్తురు కారుతున్నా "ఇద్దర్నీ నరికేస్తాను" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో కట్లు కట్టించుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. మేడమ్ వచ్చి డెబ్భై వాక్యాలూ ఎస్సైకి చదివి చెప్పింది. ఆయన పేజీల కింద బావ సంతకాలు ఒక్కొక్కటీ చూసి, "ఇంత చక్కటి సాక్ష్యం నా సర్వీసులో చూడలేదమ్మా" అని నన్ను మెచ్చుకున్నాడు. అక్క అన్నీ విన్నది. ఇక ఆ ఇంటికి వెళ్లనని కాగితం రాసిచ్చి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఒక్క రోజు కూడా తప్పిపోలేదు కదే" అంది.

"లేదక్కా. అన్నీ రాశాను."

"అంటే ప్రతిసారీ పక్కగదిలోనే ఉన్నావు."

అక్క గొంతులో కోపం లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది.

"నీ మీద రాడ్డు లేస్తే నేను ఒక్క క్షణం ఆగలేదే" అంది.