ఎరుపు మీద పసుపు

పాపం చేసిన చేతికి అంటుతుందా, ఆ చేతికి పని చెప్పిన నోటికి అంటుతుందా? నాలుగేళ్లుగా జగన్నాధానికి ఇదే అనుమానం. పొద్దున దీపం పెట్టి కూర్చుంటే చాలు, అదొచ్చి ఎదురుగా కూర్చుంటుంది. రామతీర్థం వెళ్లినప్పుడు ఒక పెద్దాయన్ని అడిగి చూశాడు. “రాముడికి వదిలెయ్యి నాయనా” అన్నాడాయన. వదిలేశాననే అనుకున్నాడు జగన్నాధం. ఇంటికొచ్చి కుంచె పట్టుకునేసరికి అనుమానం చేతిలోనే ఉంది.

అతను బోర్డులు రాస్తాడు. చీపురుపల్లి దగ్గర పల్లె, పదో తరగతి చదువు. ఇంగ్లీషు అక్షరాలు అచ్చు గుద్దినట్టు దించుతాడు కానీ అర్థాలు అడిగితే తడుముకుంటాడు. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల పని పోయింది. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న రసాయనాల ఫ్యాక్టరీ మాత్రం గొట్టాల మీదా తొట్టెల మీదా రాయడానికి అతన్ని పిలిచేది. ఉన్న కాస్త పొలం చాలదు, ఇల్లు ఆ పనితోనే గడిచేది.

అక్కడ భద్రత చూసే ఆఫీసరు ఉదయభాస్కర్. చిన్నవాడే, మాట మెత్తన. మొదటిసారి ఐదు మాటలు కాగితం మీద రాసి ఇచ్చాడు. డేంజర్, వార్నింగ్, కాషన్, హజార్డ్, రిస్క్.

“అన్నీ ప్రమాదమే కదండీ?” అనడిగాడు జగన్నాధం.

“మనకి అన్నిటికీ ఆ ఒక్క మాటే. ఇంగ్లీషులో మెట్లున్నాయి” అని ఉదయభాస్కర్ ఓపిగ్గా చెప్పాడు. “డేంజర్ అంటే పొరపాటు చేస్తే చావు ఖాయం. వార్నింగ్ అంటే చావొచ్చు. కాషన్ అంటే గీరుకుంటుంది, కాలుతుంది, కట్టు కట్టించుకుని ఇంటికెళ్లిపోతావు. హజార్డ్ అంటే గదిలో ఉన్న పాము. రిస్క్ అంటే ఆ గదిలోకి నువ్వు వెళ్తే అది కరిచే అవకాశం ఎంత అన్నది.”

ఇంటికి సైకిలు తొక్కుతూ జగన్నాధం మనకున్న మాటలు గుర్తు చేసుకున్నాడు. గండం, ఆపద, ముప్పు, కీడు. మనకీ ఒక్క మాటేమీ కాదు. కానీ వాటికి రంగులు లేవు. ఇంగ్లీషు మాటలకి ఉన్నాయి. డేంజర్‌కి ఎరుపు, వార్నింగ్‌కి నారింజ, కాషన్‌కి పసుపు.

తొట్టెలు కడిగే పనివాళ్లలో చాలామందికి చదువు లేదు. ఒకరోజు అన్నాల దగ్గర జగన్నాధమే వాళ్లకి పాఠం చెప్పాడు. “రాత మీకెందుకురా? ఎర్రదుంటే దిగొద్దు, ఆఫీసర్ని పిలవండి. పసుపుదైతే సూసుకొని దిగండి.”

అసిరయ్య సద్ది గిన్నె పక్కన పెట్టి నవ్వాడు. వరసకి జగన్నాధాన్ని బావ అని పిలుస్తాడు. “ఈ మాట ముందే సెప్పొచ్చు కదేటి బావా! పసుపంటే మా గురమ్మ గడపకి రాసిందే. దానికి భయమేటి?”

అందరూ నవ్వారు. ఆ రోజునుంచి ఫ్యాక్టరీలో బోర్డుల్ని అలాగే చదివారు.

మూడో తొట్టెకి ఎర్ర బోర్డు ఉండేది. ఎర్ర బోర్డు ఉన్నచోట దిగాలంటే ముందు మిషనుతో లోపలి గాలి చూడాలి, నడుముకి తాడు కట్టాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి. సగం పూట దానికే పోతుంది. ఆ ఏడు ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఎక్కువయ్యాయి. ఒక సోమవారం ఉదయభాస్కర్ పిలిచాడు.

“మూడో తొట్టె బోర్డు మార్చాలి. పసుపు వేసి కాషన్ రాయి.”

“అది ఎర్రది కదండీ?”

“పైనుంచి చెప్పారు. ఇప్పుడు లోపల విషవాయువు అంత లేదట. కాగితం ఇస్తున్నాను కదా, నీకెందుకు?”

జగన్నాధం రాశాడు. ఎరుపు కింద నుంచి కనబడుతుంటే పసుపు రెండు పూతలు వేశాడు. పని అయ్యాక ఆ కాగితంతోనే కుంచె తుడుచుకున్నాడు. పనివాళ్లతో ఒక మాట అందామనుకున్నాడు. ఆఫీసరు చెప్పే ఉంటాడులే అని వెళ్లిపోయాడు.

గురువారం అసిరయ్య పసుపు బోర్డు చూసి, చేతులకి గ్లౌజులు వేసుకుని దిగాడు. మళ్లీ పైకి రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఉదయభాస్కర్ ఫోన్ చేశాడు. “జగన్నాధం, పోలీసులు వచ్చేలోపు మళ్లీ ఎరుపు వేసెయ్యాలి.” జగన్నాధం వేశాడు. రంగు ఆరకముందే ఫొటోలు తీశారు. ‘డేంజర్ బోర్డు ఉన్నా లెక్కచేయక దిగాడు’ అని పోలీసు కాగితాల్లో రాశారు.

పదకొండో రోజు అసిరయ్య భార్య గురమ్మ వచ్చి అతని గుమ్మంలో నిలబడింది. “డబ్బుల మాట తరవాత అన్నియ్యా. ఆడు ఎర్రబోర్డు సూసి కూడా దిగిపోనాడని రాసినారు. నా పిల్లలు పెద్దయి అదే సదువుతారు, మా అయ్య బుద్ధిలేనోడని. ఆ దినం ఏ రంగున్నాది?”

“సూడ్నేదమ్మా” అన్నాడు జగన్నాధం.

నాలుగేళ్లు ఆ మాట మీదే బతికాడు. ఫ్యాక్టరీ పని సాగుతూనే ఉంది. చివరికి గురమ్మ వేసిన కేసుకి శ్రీకాకుళంలో ఆఖరి విచారణ అని తెలిసింది. ఆమె తన సాక్షుల్లో అతని పేరు రాయించింది.

“నోరిప్పితే ఫ్యాక్టరీ గేటు మనకి మూసేత్తారే” అన్నాడు భార్య ఈశ్వరితో.

ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “మూస్తే మూయనీ. నాలుగేళ్లయి దేవుడి ముందు కూకొని ఏటి సదువుతన్నావో నీకే తెలీదు. మొన్న గోవింద నామాలు మొదలెట్టి సగంలో రంగు డబ్బాలు లెక్కెట్టినావు. ఎల్లి సెప్పేసి రా.”

ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోలో వెళ్లి, ముందు అరసవల్లి సూర్యదేవుడికి దండం పెట్టుకున్నాడు. ఆ రోజు ఏ రంగుందో ఆయన చూసే ఉంటాడు. చూసినవాడు నాలుగేళ్లు ఎందుకు ఊరుకున్నాడన్న ప్రశ్న కూడా వచ్చింది. లెంపలు వేసుకుని బయటికొచ్చాడు.

విచారణ గదిలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. కంపెనీ లాయరు తాపీగా లేచాడు.

“అసిరయ్యకి ఇంగ్లీషు వచ్చా?”

“రాదండి.”

“డేంజర్‌కీ కాషన్‌కీ అర్థం తెలుసా?”

“తెలీదండి.”

“మరి ఏ మాట రాసుంటే ఏమిటయ్యా అతనికి?”

“మాట తెలీదండి. రంగు తెలుసు. నేనే నేర్పినాను.”

“నేర్పమని కంపెనీ చెప్పిందా?”

“నేదండి.”

“అంటే సొంత పాఠం చెప్పి మనిషిని తొట్టెలోకి దింపింది మీరన్నమాట.”

గదిలో ఎవరో నవ్వి ఆపుకున్నారు. జగన్నాధం చేతులు చూసుకున్నాడు. “అలాగే రాసుకోండి బాబూ. నా పేరూ రాయండి. ఎరుపు మీద పసుపు పుయ్యమన్నోళ్ల పేరు కూడా పక్కన రాయండి.”

ఉదయభాస్కర్ని అడిగారు. అతనిప్పుడు పెద్ద ఆఫీసరు. నేల చూస్తూ, అలాంటి ఆదేశం ఇచ్చినట్టు గుర్తు లేదన్నాడు. కాగితం ఏదని జగన్నాధాన్ని అడిగారు. దాంతో కుంచె తుడుచుకున్నానని చెప్పాడు.

బయట మెట్ల మీద గురమ్మ అతన్ని ఆపింది. కళ్లలో తడి లేదు. “ఒక్క రంగు సెప్పడానికి నాలుగేళ్లు పట్టినాదేటి అన్నియ్యా?” అంది. ఆమె చెప్పులు వేసుకుని ముందుకు నడిచింది.

నెల తిరిగాక తీర్పు వచ్చింది. అసిరయ్య తెలిసి తెలిసి దిగాడనడానికి ఆధారం లేదట. బోర్డు మార్చారనడానికీ ఆధారం లేదట. మొదటి మాట కోసం గురమ్మ పోరాడింది, అది దక్కింది. రెండో మాటతో కంపెనీ చేతులు కడుక్కుంది. ఫ్యాక్టరీ గేటు జగన్నాధానికి మూతపడింది. అతని చోట స్టిక్కర్లు అంటించే మనిషిని పెట్టుకున్నారు.

వానలు పడ్డాయి. ఊళ్లో ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయి. ఒక ఉదయం గురమ్మ స్వయంగా వచ్చి వీధిలోంచే కేకేసింది.

“అన్నియ్యా, ఆడు పోకముందు మీ పొలం గట్టు తెగిపోతే ఒక దినం వొచ్చి కట్టినాడు. నువ్వు బదులు రానేదు. రేపు నా పొలంలో ఉభాలు. వొచ్చి తీర్సుకో.”

వాళ్ల పల్లెల్లో ఒక దినం పనికి ఒక దినం పనే బదులు. దానికి డబ్బివ్వరు, అడగరు. అసిరయ్య పోయాక ఆ పొలం వైపు వెళ్లడానికి జగన్నాధానికి కాళ్లు రాలేదు.

మర్నాడు తెల్లారి వెళ్లాడు. నారు పీకాడు, కట్టలు కట్టాడు, నెత్తిన పెట్టుకుని మడిమడికీ మోశాడు. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు “రంగుల బాబుకి బురద పడతన్నాదర్రా” అని నవ్వుకున్నారు. గురమ్మ నవ్వలేదు. అతను సరిగ్గా మోస్తున్నాడో లేదో చూస్తూ నిలబడింది.

పొద్దు వాలాక గట్టు మీద మజ్జిగ చెంబు అందించింది.

“ఆడి దినం తీరిపోనాది అన్నియ్యా. ఆ ఒక్క దినం.”

జగన్నాధం మజ్జిగ తాగి, కాలవలో చెంబు కడిగి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.