ప్లగ్గు పెట్టే మనిషి

"కాస్త కిందికెళ్లి కారుకి ప్లగ్గు పెట్టిరావూ" అన్నాడు భర్త సోఫాలోంచి. కళ్లద్దాల దుకాణంలో రోజంతా నిలబడి అప్పుడే ఇంట్లో అడుగుపెట్టిన ఆమె, చెప్పులైనా విప్పకుండా వెనుదిరిగింది.

కరెంటు సంస్థ ఆ చుట్టుపక్కల కొన్ని ఇళ్లను ఎంచుకుని ఒక ప్రయోగం చేస్తోంది. ఎలక్ట్రిక్ కారున్నవాళ్లు సంస్థ చెప్పిన వేళకు ప్లగ్గు పెట్టాలి. కరెంటు మిగిలినప్పుడు కారు నింపుకుంటుంది, వీధికి కొరత వచ్చినప్పుడు తనలోది కాస్త తిరిగి ఇస్తుంది. కబురు భర్త ఫోనుకి వస్తుంది. ఫోను అతనిది, మెట్లు ఆమెవి. "అంతా దానంతటదే జరిగిపోతుంది, మనం చేసేదేం లేదు" అని అతను స్నేహితులకు గొప్పగా చెబుతుంటే ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వినేది. ఇస్త్రీ సగంలో ఉండగా "ఆపు ఆపు, ఇప్పుడు లోడు ఎక్కువట. తర్వాత చేసుకో, రాత్రంతా ఇంట్లోనే ఉంటావుగా" అనేవాడు. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ ఆమె నిద్రలోంచే కోసుకోవాల్సి వచ్చేది. అత్తగారు టీవీ ముందునుంచి "అమ్మాయ్, కారు తిన్నదా?" అని రోజూ తప్పకుండా అడిగేవారు. కోడలు తిన్నదా అని మాత్రం ఆవిడకు ఎప్పుడూ తోచలేదు.

అయినా, నిజం చెప్పాలంటే, ఆమెకు కోపం కన్నా కుతూహలమే ఎక్కువ. కింద కారు పక్క గోడమీది పెట్టెలో పచ్చదీపం వెలిగితే కారు తీసుకుంటున్నట్టు, నీలం వెలిగితే ఇస్తున్నట్టు. ఆ నీలం ముందు అప్పుడప్పుడూ నిలబడిపోయేది. ఎక్కడికి పోతోందిది? ఎవరింటికి? కారు ఎంత ఇచ్చిందో తెరమీద అంకె చెప్పేస్తుంది. మరి నాలోంచి పోయేది ఎక్కడ కనిపిస్తుంది? ఒకసారి భర్తనే అడిగింది, కరెంటు సంగతి మాత్రం. "ప్లగ్గు పెట్టడానికి ఇంజనీరింగ్ చదవాలా ఏంటి?" అని అతను నవ్వాడు. అలవాటు కొద్దీ తనూ నవ్వేసింది.

ఒక ఆదివారం పొద్దున సంస్థ నుంచి ఇంజనీరు వచ్చింది. చిన్నపిల్లే, భుజాన బరువైన సంచీ.

"అందరిలోకీ మీ ఇల్లే ముందుంది సార్. మేం కబురు పెట్టడం ఆలస్యం, మీ కారు కలిసిపోతోంది. మిగతావాళ్లు మర్చిపోతున్నారు. ఎలా కుదురుతోంది మీకు?"

"క్రమశిక్షణండీ. చిన్నప్పట్నించీ అలవాటు" అన్నాడు భర్త.

కాఫీ కప్పులు బల్లమీద పెడుతున్న ఆమె చెయ్యి ఆగింది. ఏదో అనబోయింది. నోటికొచ్చింది మాత్రం ఇన్నాళ్లూ లోపల దాచుకున్న ప్రశ్న.

"నీలందీపం వెలిగినప్పుడు మా కరెంటు ఎవరింటికి పోతుందండీ?"

ఇంజనీరు ముఖం వెలిగింది. "ఇన్నిళ్లు తిరిగాను, ఒక్కరూ అడగలేదు! ఎంతో దూరం పోదండీ. దగ్గర్లో ఎవరికి అవసరమైతే వాళ్లు లాగేసుకుంటారు. మీ పక్కింటి కరెంటు పొయ్యే కావచ్చు." అంతలో ఏదో తట్టినట్టు ఆగింది. "అవునూ, ఆ దీపం కిందికెళ్తే గానీ కనబడదే. ప్లగ్గు పెట్టేది మీరా?"

"ఎవరు పెడితే ఏముందిలెండి..." భర్త గొంతు సవరించుకున్నాడు.

"నేనే" అంది ఆమె.

"మరి కబుర్లు మీకు కదా రావాలి!"

ఇంజనీరు ఆమె ఫోనులో యాప్ పెట్టిచ్చింది. ఆమె ఫోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంతా తిప్పితిప్పి చూసింది. వీధి మొత్తం వాడకం గీతలా లేస్తూ, పడుతూ కనిపించింది. కింద ఒక మూల చిన్న బటను: 'ఈరోజు వీలుకాదు'.

"ఇదేంటండీ?"

"కుదరని రోజు నొక్కెయ్యండి. ఆరోజుకి మీ ఇంటిమీద ఆధారపడం."

"కారణం ఏమని చెప్పాలి?"

"ఏం చెప్పక్కర్లేదు. మేం అడగం."

అలాంటిదొకటి లోకంలో ఉంటుందని పెళ్లయ్యాక ఆమెకెవరూ చెప్పలేదు.

సాయంత్రం ఆమె ఫోను మోగింది. "వచ్చిందా? వెళ్లు మరి" అన్నాడు భర్త. ఆమె బటను నొక్కి, ఏమవుతుందో చూద్దామని కిటికీలోంచి తొంగిచూసింది. వీధిదీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పక్కింట్లో తాలింపు చిటపటలాడుతూనే ఉంది. ఏమీ ఆగిపోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అదేంటి, ఎందుకు నొక్కావు?" ఆమె చేతిలోని ఫోను చూసి అడిగాడు భర్త.

"అంత పెద్ద సంస్థే అడగనంది" అంది ఆమె. "మీరూ అడక్కండి."